తిరగవాత లేని చిల్లీ

రాయి పాపా. మొదట రాజ్మా గింజలు అని రాయి. ఎర్రవి. రాత్రే నానేసి పొద్దున మెత్తగా ఉడకబెట్టుకోవాలి. డబ్బాలో ఉడికించినవి కూడా దొరుకుతాయి, మీ వయసు వాళ్ళకు అవే సులువు. కాకపోతే ఆ నీళ్ళు జిగటగా ఉంటాయి, పారబోసి కడుక్కోవాలి. తర్వాత అరకిలో ఖీమా. మూడు పెద్ద ఉల్లిగడ్డలు, నాలుగు టమాటాలు, ఒక క్యాప్సికం. వెల్లుల్లి నీ ఇష్టం, నేనైతే గడ్డ మొత్తం వేస్తాను. జీలకర్ర, ఎండుమిరపకాయలు, మన కారప్పొడి. ఉప్పు రాయకపోయినా తెలుస్తుంది కానీ రాయి.

ఆగు, పొయ్యి మీద నూనె పెట్టాలి అని అప్పుడే రాయకు. నూనె గురించి వేరే చెప్పాలి. ఇందాక నాతోపాటు కలిపావు కదా, ఆ బ్రెడ్డు పిండి చూడు. గిన్నెలో సగానికి పైకి వచ్చిందా? ఇంకా రానీ. అది పొంగేలోపల చెప్తాను.

నువ్వు ఈ చిల్లీ అడిగావంటే చల్లదనం వచ్చిందని అర్థం. మొన్నటిదాకా రోడ్డు మీద నిలబడితే చెప్పులు అంటుకునేంత వేడి. ఈ బ్నీద్ అల్ గార్‌లో మీ నాన్న మా వైపువాడని మీ రెండు గదుల ఇంటికి నేను సెలవుండే ప్రతి శుక్రవారం వస్తూనే ఉన్నాను, ఏసీ హోరులో నువ్వు చెప్పింది నాకు వినపడదు, నేను చెప్పింది నీకు వినపడదు. ఇవాళ ఏసీ ఆపి కిటికీ తీశారు. అందుకే ఇన్ని మాటలు చెప్పగలుగుతున్నాను. మీ అమ్మా నాన్నా కూరగాయలకు పోయి వచ్చేసరికి అయిపోవాలి. మీ అమ్మ ఉంటే మధ్యలో దూరి, అది అట్ల గాదు ఇట్ల అని సరిచేస్తుంది.

మామా ఇంట్లో కూడా ఇంతే. మామా అంటే నేను వంట చేసే ఇంటి ఇల్లాలు, ఈ అరబ్బు దేశంలో పనిచేసే ఆడవాళ్ళందరం అలాగే పిలుస్తాం, నీకు తెలిసిందే. ఆ ఇంటి వెనక, బట్టలు ఆరేసే జాగా పక్కన, వంటిల్లు విడిగా ఉంటుంది. అక్కడ నేనే రాణిని. నా అరబ్బీ కూడా ఆ వంటింట్లో పుట్టిందే. ఉల్లిగడ్డకు మాట వచ్చు, ఇస్త్రీకి వచ్చు, చీపురుకు వచ్చు. అన్నిటికన్నా ఎక్కువ వాడింది ఖలాస్. గ్యాస్ ఖలాస్, ఉల్లిగడ్డలు ఖలాస్, పని ఖలాస్. అయిపోయింది అనడానికి ఆ ఒక్క మాట చాలు, ఇంకేమీ కలపక్కర్లేదు.

సాయంత్రం వాళ్ళ నమాజు వేళకు నాకు కాస్త తీరిక. ఆ వేళకు ఊళ్ళో మా అమ్మకు ఫోను చేసేదాన్ని. అమ్మకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి గట్టిగా అరిచి మాట్లాడాలి. మామాకు హాల్లోకి నా అరుపులు వినపడేవి. అరుపులు ఆగగానే అక్కడినుంచే అడిగేది, ఖలాస్? అని. నేను ఖలాస్ మామా అనేదాన్ని. అంటే మా అమ్మతో మాట్లాడటం అయిపోయింది, ఇక టీ పెడతాను అని. రోజూ ఇదే వరస. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఈ చిల్లీ అనేదాన్ని ఆ ఇంట్లోకి తెచ్చింది మామా కూతురు. కాలేజీలో చదువుతుంది. ఫోనులో ఏదో వీడియో చూపించి, చల్లరోజు వస్తే ఇదే కావాలి, దీనితోపాటు ఇంట్లో కాల్చిన ఖుబ్జ్ కావాలి అంది. ఖుబ్జ్ అంటే రొట్టె, కానీ ఆ పిల్ల అడిగింది గుండ్రంగా లావుగా ఉండే బ్రెడ్డు. చేశాను. వాళ్ళకు నచ్చింది. ప్రతి ఏడూ ఏసీ ఆపిన మొదటి రోజున అదే వండాలని పద్ధతి అయిపోయింది. మా అమ్మకు ఫోనులో చెప్తే నవ్వింది. “చిల్లీ అంటే మిరపకాయే గదా. మిరపకాయల కూరకు మాంసమెందుకే? వాళ్ళు డబ్బు ఎక్కువై తింటాండారా, నీకు చెప్పేది చేతగాక చెప్తాండావా?” అంది. చిక్కుడు గింజల్లాంటివి, ఖీమా, టమాటా వేసి చేసే కూర అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా, ఈరోజు మిరపకాయల కూర వండినావా అని ఎగతాళి చేసేది.

పోయిన ఏడాది, ఇలాంటి పొద్దునే. మామా ఏసీలన్నీ ఆపించింది. ఏసీలు ఆగితే ఇల్లు ఒక్కసారిగా చెవుడు పట్టినట్టు అయిపోతుంది. నేను రాజ్మా నీళ్ళు మారుస్తున్నాను. ఫోను మోగింది. మా తమ్ముడు. వాడూ ఈ దేశంలో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వెళ్ళినవాడే. ఇక్కడి డబ్బు వాడి దగ్గర నిలబడలేదు కానీ ఇక్కడి మాట మాత్రం నిలబడింది. ఊళ్ళో కూడా కరెంటు ఖలాస్, ఎరువు ఖలాస్ అంటాడు, వాళ్ళకందరికీ అలవాటైపోయింది.

“అక్కా, అమ్మ ఖలాస్” అన్నాడు.

నాకు అమ్మ బీపీ మాత్రలు గుర్తొచ్చాయి. నెలాఖరుకు అవి అయిపోతుంటాయి, అయిపోయాయని వాడే ఫోను చేస్తుంటాడు.

“ఏం ఖలాస్ రా? మాత్రలా?”

వాడి వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

“మాత్రలు గాదుక్కా. అమ్మే” అన్నాడు.

నేను సరే అన్నాను. చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. తెల్లవారి కాఫీ తాగిందట, గ్లాసు కడిగి బోర్లించిందట, గోడకు ఆనుకుని కూర్చుందట. అంతే. సాయంత్రానికే తీసుకుపోతున్నాం అన్నాడు. నేను పోవడానికి లేదు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితం కొత్తది చేయించడానికి నా పాస్‌పోర్టు ఆఫీసులో ఉంది. చేతిలో ఉన్నా చేరేసరికి అంతా అయిపోతుంది. ఆ సంగతి వాడికీ తెలుసు నాకూ తెలుసు, అందుకని రమ్మని వాడు అనలేదు, వస్తానని నేను అనలేదు.

మా మరదలు ఫోను తీసుకుంది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది. దాని ఏడుపు విన్నప్పుడు, అవును, ఏడవాలి కదా అనుకున్నాను. రాలేదు. దానికి మాత్రం బుద్ధి పనిచేస్తూనే ఉంది.

“వొదినా, నీకు మూడు దినాలే మైల. దీపం పెట్టాకు. తలకు నూనె పెట్టాకు. తిరగవాత మాత్రం వెయ్యాకు. ఆడ పొయ్యి నీది గాదు గదా, ఎట్ల చేస్తావో ఏమో.”

“చేస్తాలే” అన్నాను.

తిరగవాత అంటే ఏంటని అడగకు. మీ అమ్మ పోపు అంటుంది, మీ కింది ఇంటి గోదావరి ఆమె తాలింపు అంటుంది, మా కడప వైపు తిరగవాత. కాగిన నూనెలో ఆవాలు, జీలకర్ర, మిరపకాయలు పడి చుయ్‌మంటాయే, అది. మా వీధిలో ఆ చప్పుడు వినపడిందంటే ఆ ఇంట్లో అందరూ బాగున్నారని లెక్క. చావు జరిగిన ఇంట్లో అది వినపడకూడదు. వీధిలో ఎవరు పోయినా మా అమ్మ వాళ్ళ కోసం పప్పు ఉడికించి, ఉప్పూ కారం వేసి, తిరగవాత లేకుండా గుడ్డలో గిన్నె పట్టుకుని పోయేది. వాళ్ళు తినేదాకా ఎదురుగా కూర్చునేది. ఆ పప్పే మాకూ పెట్టేది. నేను చిన్నప్పుడు, చప్పగా ఉంది అని మూతి తిప్పితే, “కారం ఉంది గదా, సద్దే లేదు. తిను” అనేది.

అమ్మకు నేను నీళ్ళు పోయలేదు. పసుపు రాయలేదు. ఆఖరిసారి మొహం చూడలేదు. ఇంత దూరం నుంచి నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఆ మూడు రోజులు నా చేత్తో తిరగవాత వేయకుండా ఉండటం. అదైనా చేస్తాను అనుకున్నాను. దుఃఖంతో అనుకున్నానని చెప్పలేను. మందుల దుకాణంలో చీటీ ఇచ్చి నిలబడ్డట్టు, ఇది ఒక పని, ఇది చేయాలి అన్నట్టు అనుకున్నాను.

చేయాలంటే మామాకు చెప్పాలి. చెప్తే ఆ మూడు రోజులు వంట ఎలాగో సర్దుకుంటుంది, మంచి మనిషే. ఫోను చేతిలో పట్టుకునే హాల్లోకి పోయాను. అక్కడికి పోయాక చూసుకుంటే నా దగ్గర మాట లేదు. చావుకు అరబ్బీలో ఏమంటారో నాకు తెలీదు. అన్నేళ్ళలో ఆ అవసరం పడలేదు. ఉన్న మాటే వాడాను, మా తమ్ముడు వాడినట్టే.

“మామా, ఉమ్మీ ఖలాస్” అన్నాను. ఉమ్మీ అంటే మా అమ్మ.

ఆమె నా మొహం చూసింది, చేతిలో ఫోను చూసింది.

“ఖలాస్? జైన్, జైన్. యల్లా, చిల్లీ” అంది.

అమ్మతో మాట్లాడటం అయిపోయిందని చెప్పాను అనుకుంది. సరే మంచిది, ఇక పద, చిల్లీ చెయ్యి అంది. ఆమె తప్పేముంది. రోజూ నేను చెప్పే మాటే అది. ఈసారి సాయంత్రం కాకుండా పొద్దునే చెప్పాను, అంతే తేడా. చేతులతో చూపించొచ్చు కదా, కళ్ళు మూసుకుని తల వాల్చి చూపిస్తే అర్థమయ్యేది కదా అని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. చూపించొచ్చు. మా అమ్మ చావును ఆ హాల్లో తివాచీ మీద నిలబడి నాటకం కట్టి చూపించబుద్ధి కాలేదు. అలా అని అప్పుడు ఆలోచించి మానేశానని కూడా కాదు. ఆమె యల్లా అంది, నా కాళ్ళు వంటింటివైపు తిరిగాయి.

బ్రెడ్డుకు చిక్కు లేదు. అది రాశావా? మూడు కప్పుల మైదా, చెంచాడు ఈస్ట్, చెంచాడు ఉప్పు, ఒకటిన్నర కప్పు గోరువెచ్చని నీళ్ళు. పిసకక్కర్లేదు. గరిటెతో కలిపి మూత పెట్టి దాని మానాన దాన్ని వదిలేయడమే. ఆ రోజు పిండి కలిపి మూత పెడుతూ, మైల చేతితో కలిపితే పొంగుతుందా అనుకున్నాను. శుభ్రంగా పొంగింది. ఈస్ట్‌కు మైల లేదు. మూత ఉన్న బరువు గిన్నెను ముందే ఓవెన్లో బాగా కాల్చి, అందులో పిండిని జారవిడిచి, మూతతో కొంచెంసేపు, మూత తీసి కొంచెంసేపు. ఇప్పుడు మనదీ పెట్టే వేళయింది. పద, గిన్నె నేను పట్టుకుంటాను, నువ్వు దూరంగా ఉండు. ఆ. మూత పెట్టాను. కూర్చో, మూత తీసే వేళకు నేను లేస్తాను.

చిక్కంతా చిల్లీతోనే. దానికి మొదలే తిరగవాత. నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, మిరపకాయ వేగాలి, ఉల్లిగడ్డ ఎర్రబడాలి, అప్పుడు ఖీమా. నేను చల్లటి గిన్నెలో అన్నీ ఒకేసారి వేశాను. ఉల్లిగడ్డలు, టమాటాలు, ఖీమా, ఉడికించిన గింజలు, నీళ్ళు. కారం, ఉప్పు, దంచిన జీలకర్ర పైన చల్లాను. నూనె సీసా ముట్టుకోలేదు. మంట పెట్టి మూత వేసి కూర్చున్నాను. గిన్నె మెల్లగా గుసగుసలాడుతూ ఉడికింది. రంగు మాత్రం మామూలుగానే వచ్చింది. రంగు చూసి, గడిచిపోతుంది అనుకున్నాను.

గడవలేదు. చిల్లీ, బ్రెడ్డు లోపలికి పంపిన కాసేపటికి మామా గిన్నె పట్టుకుని తనే వచ్చింది. కూతురు ఒక చెంచా తిని, ఇది ఆసుపత్రి కూరలా ఉందని పక్కన పెట్టేసిందట. కోపంగా రాలేదు. ఏమి మర్చిపోయావు, నూనె వేయలేదా, ఉల్లి వేయించలేదా అని అడుగుతూ చిన్న మూకుడు తీసి నా ముందు పెట్టింది. నూనె సీసా దాని పక్కన పెట్టింది. వేయించి ఇందులో పోసెయ్, బాగవుతుంది అంది. మా అమ్మ చూసినా అదే చెప్పేది.

“లా, మామా” అన్నాను.

లా అంటే వద్దు, కాదు, చేయను, అన్నీ. ఆ ఇంట్లో ఆ మాట నా నోటినుంచి వినడం ఆమెకు అదే మొదలు, నాకూ అదే మొదలు. ఎందుకు అని అడిగింది. చెప్పడానికి మళ్ళీ ఆ ఒక్క మాటే నా దగ్గరుంది, అది పొద్దునే వాడేశాను. ఈ చేతులు చూడు, వీటిని వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, బడిలో పిల్ల నిలబడ్డట్టు. పనిలోంచి తీసేస్తుందేమో అనే ఆలోచన కూడా వచ్చింది. వచ్చి పోయింది.

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. అయినా ఒంట్లో బాలేదని తీర్మానించుకుంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తన గౌను చేతులు పైకి మడుచుకుని, మూకుడు పొయ్యి మీద పెట్టింది. రంజాన్‌లో ఒకటి రెండు సార్లు తప్ప ఆమె అక్కడ గరిటె పట్టడం నేను చూడలేదు. నూనె కాగక ముందే వెల్లుల్లి వేసింది. నేను లేచి బయటికి పోయాను.

బట్టల తీగల దగ్గర నిలబడ్డాను. చల్లగా ఉంది. పక్క మేడ మీద ఎవరిదో దుప్పటి ఎగురుతోంది. ఊళ్ళో ఆ వేళకు తీసుకుపోతూ ఉంటారు. తలుపు వేసి ఉన్నా చుయ్‌మని వినపడింది. తర్వాత మిరపకాయల ఘాటుకు మామా దగ్గు వినపడింది, దగ్గుతూనే నా కారప్పొడిని ఏదో తిడుతోంది. చెవులు మూసుకోవాలా వద్దా అనుకుంటూ ఉండగానే చప్పుడు ఆగిపోయింది.

ఆమె ఒక గిన్నెలో చిల్లీ, పైన పెద్ద బ్రెడ్డు ముక్క పెట్టి బయటికే తెచ్చి నా చేతిలో పెట్టింది. తినమంది. నేను గిన్నె పట్టుకుని లెక్క వేసుకున్నాను. తిరగవాత పడింది, కానీ నా చేత్తో కాదు. మైల ఇంటివాళ్ళు వేరే పొయ్యి మీద వండింది తినొచ్చు. ఆ పొయ్యి నాదా, ఆమెదా? అన్నేళ్ళుగా నాదే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఆమెది అయింది. తిన్నాను. నేను చివరి ముక్కతో గిన్నె తుడిచేదాకా ఆమె గడప మీదే నిలబడి ఉంది. ఎలా ఉందని అడిగితే జైన్ అన్నాను. కారం ఎక్కువైందని కళ్ళలో నీళ్ళు చెప్పాయి, నాలుకకు మాత్రం ఏమీ తెలియలేదు.

మర్నాడు అదే చిల్లీ. ఆ కూర రెండో రోజుకే బాగుంటుంది, అది కూడా రాసుకో. మూడో రోజు గుడ్లు ఉడికించాను, దోసకాయలు తరిగాను, మళ్ళీ బ్రెడ్డు కాల్చాను. నాకు బాగాలేదని మామా పెద్ద వంట ఏదీ చెప్పలేదు. అలా మూడు రోజులూ దాటాయి. మా మరదలికి ఫోను చేసి, వెయ్యలేదు అని చెప్పాను. మంచిదిలే వొదినా అంది.

నాలుగో రోజు తలస్నానం చేసి నా కోసం ఇంత చారు పెట్టుకున్నాను. నూనె కాగనిచ్చి ఆవాలు వేశాను. అమ్మ కోసం ఆపిన చప్పుడు కదా, అది మళ్ళీ వచ్చినప్పుడైనా లోపల ఏదో కదులుతుందని చెవి పెట్టి నిలబడ్డాను. ఆవాలు ఆవాల్లాగే చిట్లాయి. కరివేపాకు వేసి, చారు పోసి, మూత పెట్టాను. చారు బాగా కుదిరింది. గ్లాసులో పోసుకుని తాగాను. మామా వాసనకు వచ్చి తొంగి చూసి, జబ్బు ఖలాస్? అని అడిగింది. ఖలాస్ మామా అన్నాను.

ఈ ఏడాదంతా అలాగే పోయింది. అప్పుడప్పుడూ అడుగుతుంది, ఉమ్మీ ఎలా ఉంది అని. జైన్ అంటాను. సాయంత్రాలు నీ అరుపులు వినపడటం లేదేంటి అంటే, ఇప్పుడు ఫోను బాగుంది, మెల్లగా మాట్లాడినా వినపడుతుంది అన్నట్టు ఏదో చెప్పాను. అబద్ధమాడాలని కాదు. ఒకసారి చెప్పాను, రెండోసారి చెప్పే మాట లేదు. వచ్చే వారం ఏడాది తద్దినానికి ఊరికి పోతున్నాను కదా. సెలవు అడిగితే వెంటనే ఇచ్చింది. నిన్న నేను ఇక్కడికి బయల్దేరేటప్పుడు ఒక సంచి చేతిలో పెట్టింది. ఉమ్మీకి అంది. మీ ఊళ్ళో కూడా చలి వస్తుంది, పెద్దామెకు కప్పు అంది.

నీ కాళ్ళ మీద కప్పుకున్నావే, అదే ఆ శాలువా. ఇది ఎవరికవ్వా అని పొద్దున అడిగావు, నేను పిండి కలుపుతూ వినపడనట్టు ఉన్నాను. తీయాల్సిన పని లేదు, కప్పుకో.

ఏంటి? ఇంకోసారి చెప్పు.

“చనిపోయిందంటే మాతత్ అనాల అవ్వా. ఉమ్మీ మాతత్. మా అరబ్బీ మిస్ చెప్పింది.”

“మాతాత.”

“మా తాత గాదవ్వా. తాతను ఇందులోకి తేవాకు. మా-తత్. చివర ఆపెయ్యాల.”

మాతత్. చూడు, ఎంత చిన్న మాటో. ఇది తెలిసి ఉంటే ఆ పొద్దున చెప్పేసేదాన్ని, ఆమె ఆ మూకుడు నా ముందు పెట్టేది కాదు. రేపు పొద్దున మామా ఇంటి డ్రైవరు వస్తాడు. పోగానే ముందు ఈ శాలువా ఆమె చేతిలో పెట్టి చెప్తాను. వెనక్కి తీసుకోదు, నాకు తెలుసు. అయినా పెడతాను. ఆ మాట ఒక కాగితం మీద మన అక్షరాల్లో రాసివ్వు, పెద్దగా రాయి, నా నోటికి మళ్ళీ ఖలాస్ అనే వస్తుంది.

కళ్ళు తుడుచుకో, మీ అమ్మ వచ్చే వేళయింది. నేనేదో తిట్టాననుకుంటుంది.

ఇందాక నేను లేచి మూత తీసి చాలాసేపైంది, ఓవెన్ తెరువు. మందపాటి గుడ్డ పట్టుకో, కాలుతుంది. బ్రెడ్డును బోర్లించి అడుగున వేలితో తట్టు. బోలుగా మోగితే లోపల కాలినట్టు.

మోగిందా?

సరే, గాలి తగిలేచోట పెట్టు. ఇప్పుడు చిల్లీకి రాయి. ముందు నూనె.